విముక్తి వేరు, సమానత్వం వేరు: ప్రపంచ చరిత్ర పాఠాల రచయితలకు ఒక బహిరంగ లేఖ

తెలుగులో ప్రపంచ చరిత్ర పాఠ్యపుస్తకాలు రాస్తున్న రచయితలకు, వాటిని పరిష్కరిస్తున్న సంపాదకులకు, పోటీ పరీక్షల కోసం చరిత్ర పుస్తకాలు వెలువరిస్తున్న ప్రచురణకర్తలకు,

నమస్కారాలు.

డిగ్రీ విద్యార్థులకు చాలాకాలం చరిత్ర బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుడిగా, మీరు రాసే అధ్యాయాల్లో ఒకదాని గురించి ఈ లేఖ రాస్తున్నాను. అది పందొమ్మిదో శతాబ్దపు అమెరికా గురించిన అధ్యాయం. మన పుస్తకాల్లో ఆ కథ దాదాపు ఒకే వరుసలో నడుస్తుంది. దక్షిణాది రాష్ట్రాలు బానిసత్వాన్ని కోరుకున్నాయి, ఉత్తరాది రాష్ట్రాలు మనుషులంతా సమానమని నమ్మాయి, అబ్రహాం లింకన్ అధ్యక్షుడయ్యాడు, అంతర్యుద్ధం వచ్చింది, 1863లో బానిసలు విముక్తులయ్యారు. ఆ తరువాత పుస్తకం ఒక్క గెంతులో ఇరవయ్యో శతాబ్దం మధ్యకు చేరుకుని మార్టిన్ లూథర్ కింగ్ దగ్గర ఆగుతుంది. సమానత్వాన్ని నమ్మినవాళ్లే యుద్ధం గెలిచి ఉంటే, తొంభై ఏళ్ల తరువాత కూడా నల్లజాతివారు బస్సులో సీటు కోసం, బడిలో చోటు కోసం, ఓటు కోసం ఎందుకు పోరాడవలసి వచ్చిందని తెలివైన విద్యార్థి ఎవరైనా అడిగితే ఆ పుస్తకంలో జవాబు దొరకదు. బానిసత్వాన్ని వ్యతిరేకించడాన్నీ, జాతుల సమానత్వాన్ని అంగీకరించడాన్నీ పుస్తకం ఒకటిగా కలిపేయడమే దీనికి కారణం. ఆనాటి అమెరికా రాజకీయాల్లో ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. బానిసత్వం వద్దన్నవారిలోనే అత్యధికులు సమానత్వం కూడా వద్దన్నారు. ఈ రెండు ప్రశ్నలనూ విడదీసి రాయమని కోరడమే నా ఉద్దేశం.

దీనికి ఒరెగాన్ కంటే స్పష్టమైన సాక్ష్యం నాకు కనిపించలేదు. 1857 నవంబరులో ఆ ప్రాంతపు ఓటర్లు, అంటే తెల్లజాతి పురుషులు, తమ కొత్త రాజ్యాంగంపై ఓటు వేస్తూ, దానితోపాటు మరో రెండు ప్రశ్నలకు విడివిడిగా జవాబు చెప్పారు. ఒరెగాన్‌లో బానిసత్వం ఉండాలా అని అడిగితే 7,727 మంది వద్దన్నారు, 2,645 మంది కావాలన్నారు. బానిసలు కాని నల్లజాతివారిని ఒరెగాన్‌లోకి రానివ్వాలా అని అడిగితే 8,640 మంది వద్దన్నారు, 1,081 మంది మాత్రమే సరేనన్నారు. బానిసత్వాన్ని తిరస్కరించినవారికంటే స్వేచ్ఛగా ఉన్న నల్లజాతి మనిషిని తిరస్కరించినవారి సంఖ్యే ఎక్కువ. అదే రోజు, అదే ఓటర్లు. బానిసలూ వద్దు, స్వేచ్ఛాజీవులైన నల్లవారూ వద్దు అన్న ఈ రాజ్యాంగంతోనే ఒరెగాన్ 1859లో రాష్ట్రమైంది. ఆ నిషేధం 1926 దాకా రాజ్యాంగం నుంచి తొలగలేదు.

ఒరెగాన్ ఎక్కడో పడమటి అంచున ఉన్న మినహాయింపు అని మీరు అనుకోవచ్చు. కానీ ఇండియానా 1851లో తన రాజ్యాంగంలోనే నల్లజాతివారి ప్రవేశాన్ని నిషేధించింది. లింకన్ సొంత రాష్ట్రమైన ఇల్లినాయ్ 1853లో చేసిన చట్టం ప్రకారం, బయటి నుంచి వచ్చి పది రోజులకు మించి ఉన్న నల్లజాతి వ్యక్తికి 50 డాలర్ల జరిమానా పడేది. అది కట్టలేకపోతే అతని శ్రమను వేలం వేసేవారు. స్వేచ్ఛా రాష్ట్రమని చెప్పుకున్న చోట మనిషి శ్రమను వేలం వేయడానికి చట్టం ఒప్పుకున్నదంటే, ఆ స్వేచ్ఛకు ఎవరి కొలత వాడారో వేరే చెప్పనవసరం లేదు. ఆ చట్టం 1865 దాకా రద్దు కాలేదు.

ఓటు హక్కు చరిత్ర ఇంకా విచిత్రమైనది. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ కాలాన్ని సామాన్యుడి ప్రజాస్వామ్యం విస్తరించిన కాలమని మన పుస్తకాలు మెచ్చుకుంటాయి. తెల్లజాతి పేదల విషయంలో అది నిజమే. అయితే న్యూయార్క్ 1821లో జరిపిన రాజ్యాంగ సభలో తెల్లవారికి ఆస్తి అర్హతను దాదాపుగా ఎత్తివేసి, నల్లవారికి మాత్రం 250 డాలర్ల ఆస్తి ఉండాలని నియమం పెట్టింది. న్యూజెర్సీ 1807లోనే స్త్రీలతోపాటు నల్లవారి ఓటును కూడా తీసివేసింది. కనెక్టికట్ 1818లో కొత్తగా నల్లవారెవరూ ఓటర్లు కాకుండా చేసింది. పెన్సిల్వేనియా 1838లో ఓటరు నిర్వచనంలో తెల్లజాతి అన్న షరతును చేర్చింది. అంటే పేద తెల్లవాడికి తలుపు తీసిన చేతులే, అప్పటిదాకా లోపల ఉన్న నల్లవాడిని బయటికి పంపాయి. 1831లో అమెరికాను చూసి వెళ్లిన ఫ్రెంచి పరిశీలకుడు అలెక్సిస్ డి టోక్విల్, బానిసత్వం ఉన్న రాష్ట్రాలకంటే దాన్ని రద్దు చేసిన రాష్ట్రాల్లోనే జాతి విద్వేషం బలంగా కనిపించిందని రాయడం ఊరికే కాదు.

మరి ఉత్తరాది వారు బానిసత్వాన్ని ఎందుకు వ్యతిరేకించారు? ఒక్క కారణం చెప్పి ముగించగలిగిన ప్రశ్న కాదిది. నైతిక కారణాలు ఉన్నాయి, మతపరమైనవి ఉన్నాయి. వాటికి మించి భూమి, కూలి, రాజకీయాధికారం ఉన్నాయి. మెక్సికోతో యుద్ధంలో దక్కబోయే భూముల్లో బానిసత్వం ఉండరాదని 1846లో ప్రతినిధుల సభలో ప్రతిపాదించిన పెన్సిల్వేనియా సభ్యుడు డేవిడ్ విల్మట్, తాను బానిసల మీద జాలితో ఈ పని చేయడం లేదని, స్వేచ్ఛాజీవులైన తెల్లవారి హక్కుల కోసమే వాదిస్తున్నానని దాపరికం లేకుండా చెప్పాడు. పడమటి భూములు తెల్లజాతి రైతుకూ కూలీకీ దక్కాలి, బానిసల యజమానితో వారికి పోటీ ఉండరాదు. తరువాత 1854లో పుట్టిన రిపబ్లికన్ పార్టీలోకి ఈ ఆలోచన కూడా ఒక పెద్ద పాయగా వచ్చి చేరింది.

ఇంకో ధోరణి, విముక్తి పొందిన నల్లవారిని దేశం దాటించాలన్నది. 1816లో ఏర్పడిన అమెరికన్ వలస సంఘం ఇందుకోసమే ఆఫ్రికాలో లైబీరియాను నెలకొల్పింది. హెన్రీ క్లే, జేమ్స్ మాడిసన్ వంటి పెద్దలు దానికి అండగా నిలిచారు. బానిసత్వం తప్పేనని, కానీ రెండు జాతులూ ఒకే దేశంలో సమానంగా బతకడం అసాధ్యమని వారి వాదం. 1817 జనవరిలో ఫిలడెల్ఫియాలోని బెతెల్ చర్చిలో సుమారు మూడు వేలమంది నల్లజాతివారు సమావేశమై ఈ పథకాన్ని ముక్తకంఠంతో తిరస్కరించారు. తాము పుట్టిన దేశం ఇదే, తమ పూర్వికులు చెమటోడ్చిన నేల ఇదే అన్నది వారి సమాధానం. పెద్దల పథకానికి మన పుస్తకాల్లో ఎక్కడో ఒక వాక్యం దొరుకుతుంది. ఆ చర్చిలో గుమిగూడినవారి జవాబు కూడా దాని పక్కనే ఉండాలని నా మనవి.

సమానత్వాన్ని నిజంగా కోరినవారు లేరని నేను చెప్పడం లేదు. బోస్టన్‌లో పాతబట్టల దుకాణం నడిపిన డేవిడ్ వాకర్ 1829లో తన జాతి ప్రజలను ఉద్దేశించి రాసిన నిప్పులాంటి విజ్ఞప్తి ఉంది. 1831లో పత్రిక మొదలుపెట్టి, బానిసత్వం తక్షణమే పోవాలని, నల్లవారు ఇక్కడే పౌరులుగా ఉండాలని పట్టుబట్టిన విలియం లాయిడ్ గారిసన్ ఉన్నాడు. కానీ వీరికి ఉత్తరాదిలోనే దక్కిన ఆదరణ ఎలాంటిది? ఇల్లినాయ్‌లోని ఆల్టన్‌లో 1837లో ఎలైజా లవ్‌జాయ్ అనే పత్రికా సంపాదకుణ్ణి, అచ్చుయంత్రాన్ని కాపాడుకుంటుండగా, అల్లరి మూక కాల్చి చంపింది. ఫిలడెల్ఫియాలో బానిసత్వ నిర్మూలనవాదులు కట్టుకున్న సభాభవనాన్ని 1838 మే నెలలో, తెరిచిన కొద్ది రోజులకే తగలబెట్టారు. నల్లవారు, తెల్లవారు, స్త్రీలు, పురుషులు అక్కడ కలిసి కూర్చోవడమే ఆ గుంపుకు అన్నిటికంటే కంటగింపైంది.

మీ అధ్యాయానికి అసలు వెన్నెముక కాగలిగిన విషయం ఇప్పుడు చెబుతాను. ఆనాటి రాజకీయ నాయకులు సమానత్వాన్ని ఒక్క వస్తువుగా చూడలేదు. దాన్ని మెట్లుగా విడగొట్టారు. ప్రాణం, స్వేచ్ఛ, తన కష్టార్జితం తనదన్నవి సహజ హక్కులు. ఆస్తి కొనడం, ఒప్పందం చేసుకోవడం, కోర్టులో సాక్ష్యం చెప్పడం పౌర హక్కులు. ఓటు, జ్యూరీ, పదవి రాజకీయ హక్కులు. ఒకే బడి, ఒకే రైలు పెట్టె, ఒకే హోటలు, వివాహం మొదలైనవన్నీ సామాజిక సమానత్వం. ఒక నాయకుడు ఎలాంటివాడో తెలుసుకోవాలంటే అతడు ఏ మెట్టు దాకా వచ్చి ఆగాడో చూస్తే చాలు. ప్రత్యర్థిని దెబ్బతీయాలనుకున్నవాడు, అతడు చివరి మెట్టు ఎక్కబోతున్నాడని ప్రచారం చేసేవాడు. మీరు కోరేది మీ ఆడపిల్లను నల్లవాడికిచ్చి పెళ్లి చేయడమేనా అన్న ఒక్క ప్రశ్నతో ఎన్నికల సభలు నడిచాయి. మన దేశంలో కులం గురించి జరిగే వాదోపవాదాలు వినే పాఠకుడికి ఈ ఎత్తుగడ కొత్తగా అనిపించదు.

లింకన్‌ను ఈ మెట్ల మీద నిలబెట్టి చూడండి. 1858లో ఇల్లినాయ్ సెనేట్ స్థానం కోసం స్టీఫెన్ డగ్లస్‌తో ఆయన జరిపిన ఏడు బహిరంగ చర్చలు మన పుస్తకాల్లో ఒక్క వాక్యంలో తేలిపోతాయి. ఈ ప్రభుత్వాన్ని తెల్లవారు, తెల్లవారి కోసం, వారి సంతతి కోసం ఏర్పాటు చేశారన్నది స్టీఫెన్ డగ్లస్ వాదం. అంతకు ముందు సంవత్సరమే, 1857 మార్చిలో, డ్రెడ్ స్కాట్ అనే బానిస తన స్వేచ్ఛ కోసం వేసిన కేసులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ నల్లజాతివారు అమెరికా పౌరులు కాలేరని, రాజ్యాంగం రాసిన కాలంలో తెల్లవాడు గౌరవించి తీరవలసిన హక్కులేవీ వారికి లేవని భావించేవారని తీర్పు రాశాడు. రాజ్యాంగాన్ని ఆమోదించిన కాలంలో అయిదు రాష్ట్రాల్లో స్వేచ్ఛాజీవులైన నల్లవారు ఓటు వేశారని న్యాయమూర్తి బెంజమిన్ కర్టిస్ తన భిన్నాభిప్రాయంలో ఎత్తి చూపాడు. ఆ అయిదింటిలో బానిసత్వం ఉన్న దక్షిణాది రాష్ట్రం నార్త్ కరొలైనా కూడా ఒకటి. టానీ చెప్పిన చరిత్ర చరిత్రగానే తప్పు.

ఈ నేపథ్యంలో లింకన్ ఇల్లినాయ్‌లోని ఒటావా పట్టణంలో ఆగస్టు 21న ఇలా వాదించాడు. తన చేత్తో సంపాదించుకున్న రొట్టెను ఎవరి అనుమతీ లేకుండా తినే హక్కులో నల్లజాతి మనిషి నాకు సమానుడు, న్యాయమూర్తి డగ్లస్‌కు సమానుడు, బతికున్న ప్రతి మనిషికీ సమానుడు. నెల తిరగకుండా, సెప్టెంబరు 18న అదే రాష్ట్రంలోని చార్లెస్టన్‌లో ఆయనే, రెండు జాతుల మధ్య సామాజిక, రాజకీయ సమానత్వం తీసుకురావాలని తాను ఇప్పుడే కాదు, ఎప్పుడూ కోరుకోలేదని, నల్లవారిని ఓటర్లుగా, జ్యూరర్లుగా చేయడానికి తాను అనుకూలం కాదని ప్రకటించాడు. ఇల్లినాయ్ ఉత్తర భాగంలో ఒక మాట, దక్షిణ భాగంలో ఇంకో మాట చెబుతున్నాడని స్టీఫెన్ డగ్లస్ ఎద్దేవా చేశాడు. అందులో కొంత నిజముంది. అయినా ఆ రెండు మాటలూ ఒకదానికొకటి పూర్తి విరుద్ధాలు కావు. సహజ హక్కుల మెట్టు మీద గట్టిగా నిలబడి పైమెట్టు ఎక్కనని చెప్పిన మనిషి మాటలవి. ఆనాటి ఇల్లినాయ్‌లో ఆ మొదటి మెట్టు కూడా ఓట్లు పోగొట్టే మాటే.

1862 ఆగస్టు 14న అధ్యక్ష భవనానికి నల్లజాతి ప్రతినిధుల బృందాన్ని పిలిపించుకుని, మనం విడిపోవడమే ఇద్దరికీ మంచిదని, మీవాళ్లను మధ్య అమెరికాకు తీసుకెళ్లమని లింకన్ చెప్పిన సంగతి మన పుస్తకాల్లో నాకు ఎక్కడా ఎదురుపడలేదు. హైతీ దగ్గరి ఒక చిన్న ద్వీపానికి 1863లో సుమారు నాలుగున్నర వందల మందిని నిజంగానే పంపారు. రోగాలతో, ఆకలితో ఎంతోమంది చనిపోగా, మిగిలినవారిని 1864లో ప్రభుత్వ ఓడలోనే వెనక్కి తెచ్చుకోవలసి వచ్చింది. అదే లింకన్, సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు యూనియన్ సైన్యంలో, అంటే ఉత్తరాది పక్షాన, పోరాడాక, 1865 ఏప్రిల్ 11న తన చివరి బహిరంగ ప్రసంగంలో, చదువుకున్న నల్లవారికీ సైనికులుగా పనిచేసినవారికీ ఓటు ఇవ్వడం తనకు ఇష్టమని చెప్పాడు. ఆ జనంలో ఉండి ఆ మాట విన్న జాన్ విల్క్స్ బూత్ మూడు రోజుల తరువాత ఆయనను కాల్చాడు. లింకన్‌ను దేవుణ్ణి చేసి నిలబెట్టే పాఠమూ వద్దు, ఇటీవల కొందరు చేస్తున్నట్టు కపటి అని కొట్టిపారేసే పాఠమూ వద్దు. 1876లో వాషింగ్టన్‌లో లింకన్ స్మారక విగ్రహాన్ని ఆవిష్కరించిన సభలో, ఒకప్పుడు బానిసగా బతికిన ఫ్రెడరిక్ డగ్లస్ చెప్పిన తీర్పు ఒక్కటి చేర్చండి. నిర్మూలనవాదుల కొలతతో కొలిస్తే లింకన్ నెమ్మదస్థుడు, చల్లటివాడు, ఉదాసీనుడు. దేశ ప్రజల మనోభావం కొలతగా తీసుకుంటే ఆయన వేగవంతుడు, పట్టుదల ఉన్నవాడు, విప్లవకారుడు. ఆ సభలో అధ్యక్షుడు గ్రాంట్ ఎదుటే ఫ్రెడరిక్ డగ్లస్ లింకన్‌ను ప్రధానంగా తెల్లవారి అధ్యక్షుడని అన్నాడు.

యుద్ధం ముగిసిన తరువాతి పన్నెండేళ్లకు మీ పుస్తకాలు ఇచ్చే చోటు చాలా తక్కువ. సమానత్వపు అసలు పోరు ఆ సంవత్సరాల్లోనే జరిగింది. 1865 శరత్కాలంలో, అంటే గెలుపు సంబరాలు ఇంకా సద్దుమణగకముందే, కనెక్టికట్, విస్కాన్సిన్, మిన్నెసోటా రాష్ట్రాల ఓటర్లు నల్లవారికి ఓటు హక్కు ఇచ్చే ప్రతిపాదనను ఓడించారు. 1867లో ఒహాయో, కాన్సస్ కూడా అదే పని చేశాయి. 1868 ఎన్నికల ప్రణాళికలో రిపబ్లికన్ పార్టీ దక్షిణాదిలో నల్లవారి ఓటును సమర్థిస్తూనే, యూనియన్‌కు విధేయంగా ఉన్న రాష్ట్రాల్లో ఆ సంగతి అక్కడి ప్రజలే తేల్చుకుంటారని రాసుకుంది. ఈ రెండు నాలుకల ధోరణిని విద్యార్థి చూడకపోతే, జాతి కారణంగా ఓటు నిరాకరించరాదన్న పదిహేనో రాజ్యాంగ సవరణ ఎందుకు అవసరమైందో అతనికి అర్థం కాదు.

లింకన్ తరువాత వచ్చిన ఆండ్రూ జాన్సన్ బానిసత్వం పోవాలన్నవాడే, దక్షిణాది భూస్వాములంటే గిట్టనివాడే. అయినా 1866లో పౌరహక్కుల చట్టాన్ని వీటో చేస్తూ, ఈ బిల్లు తెల్లజాతికి వ్యతిరేకంగా, నల్లజాతికి అనుకూలంగా పక్షపాతం చూపుతోందని రాశాడు. నిన్నటిదాకా మనిషిని ఆస్తిగా లెక్కించిన దేశంలో, సాక్ష్యం చెప్పే హక్కును, ఒప్పందం చేసుకునే హక్కును సమానంగా ఇస్తేనే అది పక్షపాతమైంది! అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ఆ వీటోను తోసిపుచ్చింది. అలా తోసిపుచ్చినవారందరినీ సమానత్వవాదులుగా చిత్రించడం కూడా సరికాదు. పాత రాజ్యాంగం ప్రకారం సీట్ల లెక్కలో బానిసలను అయిదింట మూడు వంతులుగా లెక్కించేవారు. బానిసత్వం పోయాక వారిని పూర్తిగా లెక్కించాలి కాబట్టి, ఓడిపోయిన దక్షిణాదికి కాంగ్రెస్‌లో మునుపటికంటే ఎక్కువ సీట్లు వస్తాయి. నల్లవారికి ఓటు లేకపోతే ఆ సీట్లన్నీ నిన్నటి తిరుగుబాటుదారుల చేతికే పోతాయి. నల్లవారి పౌరసత్వాన్ని ఖాయం చేస్తూ 1868లో వచ్చిన పద్నాలుగో సవరణ, 1870లో వచ్చిన పదిహేనో సవరణ ఆదర్శం వల్ల ఎంత వచ్చాయో ఈ లెక్క వల్లా అంత వచ్చాయి.

ఆదర్శం కోసమే నిలబడిన వారిలో పెన్సిల్వేనియా సభ్యుడు థాడియస్ స్టీవెన్స్ పేరు మన విద్యార్థులకు తెలియాలి. 1868 ఆగస్టులో చనిపోయిన ఆయనను, ఆయన కోరిక ప్రకారం, లాంకస్టర్‌లో నల్లవారికీ చోటున్న ఒక చిన్న శ్మశానవాటికలో పాతిపెట్టారు. మిగతా శ్మశానాలు జాతి నియమాలు పెట్టుకున్నందువల్ల, బతుకంతా తాను వాదించిన సూత్రాన్ని చావులోనూ చూపడానికి ఈ చోటు ఎంచుకున్నానని ఆయన తన సమాధి మీద చెక్కించుకున్నాడు. మన ఊళ్లలో శ్మశానాల సంగతి తెలిసిన పాఠకుడికి దీని బరువు నేను వివరించనక్కరలేదు.

1870లో మిసిసిపీ నుంచి హైరమ్ రెవెల్స్ తొలి నల్లజాతి సెనేటరుగా వచ్చినప్పుడు, సెనేటరు కావాలంటే తొమ్మిదేళ్లు పౌరుడై ఉండాలి కదా, డ్రెడ్ స్కాట్ తీర్పు ప్రకారం ఇతడు 1866 తరువాతే పౌరుడయ్యాడు కదా అని డెమొక్రాట్లు అడ్డుపుల్ల వేశారు. వాదం వీగిపోయి ఆయన ప్రమాణం చేశాడు. 1874 జనవరిలో ప్రతినిధుల సభలో జరిగిన ఘట్టం ఇంకా గొప్పది. 1861లో సవానా నగరంలో, తమ కొత్త ప్రభుత్వానికి పునాదిరాయి నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్న సత్యమేనని ఉపన్యసించిన, యూనియన్ నుంచి విడిపోయిన దక్షిణాది సమాఖ్య మాజీ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్, యుద్ధం తరువాత సభ్యుడిగా ఎన్నికై వచ్చి పౌరహక్కుల బిల్లును వ్యతిరేకించాడు. ఆ మర్నాడు సౌత్ కరొలైనా నుంచి ఎన్నికైన నల్లజాతి సభ్యుడు రాబర్ట్ బ్రౌన్ ఎలియట్ లేచి, పదమూడేళ్ల కిందటి ఆ పునాదిరాయి ప్రసంగాన్ని గుర్తుచేస్తూ, స్టీఫెన్స్ ముఖాముఖిగా వింటుండగా, ఆయన వాదాన్ని ముక్కముక్కలుగా ఖండించాడు. చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరించే పుట అది.

ఆ శతాబ్దపు సమానత్వవాదానికి ఉన్న హద్దులనూ రాయాలి. నల్లజాతి పురుషుడికి ఓటు ఇచ్చి స్త్రీని వదిలేసిన పదిహేనో సవరణను ఎలిజబెత్ కేడీ స్టాంటన్, సూసన్ ఆంథొనీ వ్యతిరేకించడంతో 1869లో హక్కుల ఉద్యమం నిలువునా చీలింది. ఆ వాదంలో స్టాంటన్ నల్లవారి గురించీ వలసవచ్చినవారి గురించీ వాడిన భాష చదవడానికి సిగ్గనిపిస్తుంది. ఇక ఆసియావాసుల సంగతి మనకు మరింత దగ్గరిది. 1790 చట్టం ప్రకారం స్వేచ్ఛాజీవులైన తెల్లవారికే వలసవచ్చి పౌరులయ్యే అర్హత ఉండేది. ఆ చట్టంలోంచి తెల్లజాతి అన్న షరతునే తొలగించాలని సెనేటర్ చార్లెస్ సమ్నర్ 1870లో ప్రతిపాదించాడు. చైనీయులు పౌరులైపోతారన్న భయంతో పడమటి తీరపు సెనేటర్లు, వారిలో రిపబ్లికన్లు కూడా, దాన్ని ఓడించారు. చివరికి ఆఫ్రికా సంతతివారిని మాత్రమే చేర్చారు. చైనీయులకూ ఈ దేశంలో చోటు, పౌరసత్వం, ఓటు ఉండాలని 1869లో బోస్టన్‌లో ఉపన్యసించిన ఫ్రెడరిక్ డగ్లస్ వంటివారు చాలా కొద్దిమంది. ఆనాటి నిర్ణయం ఫలితం తెలుగువారి దాకా వచ్చింది. భారతీయులు తెల్లవారు కారని సుప్రీంకోర్టు 1923లో తేల్చిన తరువాత, 1946లో చట్టం మారేదాకా, అమెరికాకు వలసవెళ్లిన భారతీయుడు పౌరుడయ్యే దారి లేదు. భీమవరంలో పుట్టి, 1948లో అమెరికాలోనే కన్నుమూసిన మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అక్కడ పరిశోధనలు చేసిన కాలంలో అధిక భాగం ఈ నిషేధం కిందే గడిచింది. ఈనాడు అక్కడ పుట్టే తెలుగు పిల్లలకు పుట్టుకతో వచ్చే పౌరసత్వం పద్నాలుగో సవరణ ఇచ్చింది. ఆసియా తల్లిదండ్రుల పిల్లలకూ అది వర్తిస్తుందని తేల్చింది 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ అనే చైనా సంతతి వ్యక్తి కేసు.

ఆ కేసులో వ్యతిరేకంగా నిలిచిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకడు జాన్ మార్షల్ హార్లన్. రెండేళ్ల ముందు, 1896లో, వేరువేరు రైలు పెట్టెలు చెల్లుతాయన్న ప్లెస్సీ తీర్పులో ఒంటరిగా అసమ్మతి రాసి, మన రాజ్యాంగానికి రంగు కనిపించదని చెప్పిన న్యాయమూర్తి కూడా అతడే. ఆ ప్రఖ్యాత వాక్యానికి కాస్త ముందే తెల్లజాతి ఎప్పటికీ ఆధిక్యంలోనే ఉంటుందని నమ్మకం ప్రకటించాడు. కాస్త తరువాత, పౌరులు కావడానికి మనం ఒప్పుకోనంత భిన్నమైన జాతి చైనీయులని రాశాడు. ఆ ఒక్క వాక్యాన్ని ఉదహరించే పుస్తకాలు, దాని ఇరుగుపొరుగు వాక్యాలను కూడా చూపాలి.

వెనుకంజ ఎలా మొదలైందో చెప్పడానికి 1873 సరిపోతుంది. ఆ ఏడాది ఏప్రిల్ 13న, ఈస్టర్ ఆదివారం, లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో కోర్టు భవనాన్ని కాపాడుతున్న నల్లజాతివారిని, లొంగిపోయినవారితో సహా, తెల్లజాతి సాయుధులు పదుల సంఖ్యలో చంపారు. శిక్ష పడింది ముగ్గురికి. సుప్రీంకోర్టు 1876లో ఆ శిక్షలనూ కొట్టివేసింది. అదే 1873లో పుణెలో జ్యోతిరావు ఫూలే తన 'గులాంగిరి'ని, నల్లవారిని బానిసత్వం నుంచి విడిపించిన అమెరికా ప్రజల త్యాగానికి కృతజ్ఞతగా అంకితమిచ్చాడు. ఫూలే అంకితంలో తప్పేమీ లేదు. విముక్తి నిజమే, త్యాగమూ నిజమే. దూరదేశానికి విముక్తి వార్త చేరినంతగా తరువాతి సంగతులు చేరలేదు. నూటయాభై ఏళ్లు దాటినా మన పాఠ్యపుస్తకాలకు కూడా అవి చేరకపోవడమే నా బాధ.

ఆ తరువాత 1877లో రెండు పార్టీల మధ్య రాజీ కుదిరి దక్షిణాది ప్రభుత్వాలకు కేంద్ర సైన్యం అండ పోయింది. 1875లో వచ్చిన పౌరహక్కుల చట్టాన్ని 1883లో సుప్రీంకోర్టు చెల్లదన్నది. 1890లో మిసిసిపీ, ఓటు వేయాలంటే కట్టవలసిన పోల్ పన్ను, రాజ్యాంగాన్ని చదివి అర్థం చెప్పే పరీక్ష వంటి అడ్డంకులు కనిపెట్టింది. వాటిలో ఎక్కడా జాతి ప్రస్తావన లేదు. లూసియానాలో 1896లో 1,30,334 మంది నల్లజాతి ఓటర్లు నమోదై ఉండగా, 1898లో కొత్త రాజ్యాంగం వచ్చాక 1900 నాటికి 5,320 మంది మిగిలారు. ఈ రెండు అంకెలు పక్కపక్కన వేస్తే, బస్సు సీటు గురించి అడిగిన విద్యార్థికి సగం జవాబు దొరికినట్టే.

ఇక మీ నుంచి నేను కోరేవి పెద్దవి కావు. అంతర్యుద్ధం తరువాతి పన్నెండేళ్లకు కనీసం యుద్ధానికి ఇచ్చినన్ని పేజీలు ఇవ్వండి. పార్టీల పేర్లు వాడేటప్పుడు, ఆనాటి రిపబ్లికన్, డెమొక్రాట్ పార్టీలను నేటి పార్టీలతో కలపవద్దని ఒక మాట చేర్చండి. ఈ గందరగోళం పెద్దవాళ్లలోనే చాలా ఉంది. పోటీ పరీక్షల పుస్తకాలు రాసేవారికి ప్రత్యేకంగా ఒక విన్నపం: లింకన్ బానిసత్వాన్ని రద్దు చేసిన సంవత్సరం అడిగి 1863 అని జవాబు ఇచ్చే ప్రశ్నను తీసివేయండి. ఆ ఏడాది జనవరి 1 నాటి ప్రకటన తిరుగుబాటులో ఉన్న ప్రాంతాలకే వర్తించింది. యూనియన్‌తోనే ఉన్న కెంటకీ, డెలవేర్ రాష్ట్రాల్లో బానిసలు 1865 డిసెంబరులో, బానిసత్వాన్ని దేశమంతటా రద్దు చేసిన పదమూడో సవరణ అమలయ్యేదాకా బానిసలుగానే ఉన్నారు. దాని బదులు ఒటావా, చార్లెస్టన్ ప్రసంగాల నుంచి చెరో నాలుగు వాక్యాలు ఇచ్చి, ఈ మనిషి సమానత్వాన్ని ఎంతవరకు అంగీకరించాడో రాయమని అడగండి. ఒకటికి మించి సరైన జవాబులు వస్తాయి, దిద్దేవారికి కొంత శ్రమ పెరుగుతుంది. పాఠ్యపుస్తకాలు రాసేవారిలో ఎవరైనా ఆ ప్రసంగాలను, ఎలియట్ ఉపన్యాసాన్ని పాఠంలో చేర్చదలచుకుంటే, అవసరమైన భాగాలను తెలుగులోకి తెచ్చి ఇచ్చే పనిలో ప్రతిఫలం లేకుండా సహకరించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు